అమ్మిన బండి ముచ్చట

మారయ్య అమ్మిన వస్తువు వంక కన్నెత్తి చూసేవాడు కాదు. అది వాళ్లింటి ఆచారం. తండ్రి లింగయ్య ఎద్దుల బేరగాడు. కల్వకుర్తి అంగడిలో తువాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చడంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఆ పేరు ఒక్క మంచిమాటతో మట్టిలో కలిసింది. ఒక రైతుకు ఎద్దుల జత అమ్మి, పలుపులు చేతికిచ్చాక, మనసు ఊరుకోక, "ఎలపటి ఎద్దుకు నీళ్లంటే బెదురు, వాగు దాటిచ్చేటప్పుడు జర పైలం" అన్నాడు. వారం తిరక్కుండా ఆ ఎద్దు వాగులోనే కాలు విరగ్గొట్టుకుంది. రైతు అంగడి నడిబొడ్డున పంచాయితీ పెట్టాడు. లోపం తెలిసే అంటగట్టాడని సగం మంది, నోటిదోషం తగిలి ఎద్దు పడిందని సగం మంది తేల్చారు. ఒకే మాటకు రెండు నేరాలు. ఆ తర్వాత లింగయ్య తువాలు కింద చెయ్యి పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు.

"పలుపు చెయ్యి మారినంక నోరు మెదపొద్దు బిడ్డా. మంచి గాదు, చెడ్డ గాదు. అటు దిక్కు సూడనే వద్దు" అని ఆయన కొడుక్కి నూరిపోశాడు. మంచి చెప్పి దెబ్బతిన్నవాడు కొడుక్కి ఇంతకన్నా మంచి పాఠం చెబుతాడనుకోవడం మనదే తప్పు.

కొడుకు కాలానికి ఎద్దులు పోయి ఇంజన్లు వచ్చాయి. మారయ్య కొల్లాపూర్ మామిడి సేట్ల దగ్గర డ్రైవరుగా చేరి, ఎండకూ వానకూ మాగి, తెలంగాణ వచ్చిన కొత్తలో సొంతంగా ఒక లారీ కొన్నాడు. కంపెనీ నుంచి దిగిన కొత్త బండి. దాని మీద పనికి కుదిరినవాడు ఖమర్. తండ్రి లేని పిల్లవాడు, చేతిపని తెలిసినవాడు, నోట్లో నాలుక లేనివాడు. మారయ్యను "కాకా" అని పిలిచేవాడు. గేరు ఎప్పుడు మార్చాలో, బరువుతో దిగుడు ఎట్లా దిగాలో మారయ్యే పక్కన కూర్చుని నేర్పాడు. మారయ్యకు మగపిల్లలు లేరు. ఆ లోటు లారీ క్యాబిన్‌లో తీరిపోయిందని భార్య యాదమ్మ ఎగతాళి చేసేది. ఎగతాళే గానీ అబద్ధం కాదు.

మోకాళ్లు అరిగాక మారయ్య ఆ లారీని ఖమర్‌కే అమ్మాడు. అమ్మిన రోజు స్టీరింగు మీద చెయ్యి పెట్టి, "నువ్వుగింజంత లోపం లేదు బిడ్డా దీంట్ల" అన్నాడు. ఆ రోజుకు అది నిజం. అంటే, అతనికి తెలిసినంత నిజం. కాగితాల మీద పేరు మార్చుకోవడం మాత్రం సీజను తర్వాత చేద్దామని వదిలేశారు. మన దగ్గర సీజను తర్వాత చేద్దామనుకున్న పని ఏదీ అయిన దాఖలా లేదు. కాబట్టి లారీ ఖమర్‌ది, పేరు మారయ్యది, ఫోను నంబరూ మారయ్యదే.

ఆ పైన తండ్రి చెప్పిన నియమం మొదలైంది. ఊరి మీదుగా లారీ పోతే మారయ్య గోడ వైపు తిరిగి నిలబడేవాడు. హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లకు అదొక వేడుక. "మారన్నా, నీ బండి వస్తాంది, మొకం దాసుకో" అని నవ్వేవాళ్లు. అతను నిజంగానే దాచుకునేవాడు. ఖమర్ హారను కొట్టి పలకరించినా తిరిగేవాడు కాదు. సాయంత్రం ఖమర్ నడిచి వస్తే మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించి పంపేవాడు. లారీ పేరెత్తకుండా ఎంతసేపైనా మాట్లాడుకునేవాళ్లు.

మామిడి పూత మీద ఉన్నప్పుడు ఫోను వచ్చింది. మారయ్య అప్పుడు ఒక తోటకు కావలి ఉంటున్నాడు. ఎవరో అమ్మాయి, పుస్తకం చదివినట్టు మాట్లాడుతోంది. లోను ఇస్తామనే బాపతేమోనని పెట్టేయబోయాడు. ఇంతలో ఆమె లారీ నంబరు చెప్పింది. మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు.

ఆ కాలంలో తయారైన బండ్లలో లోపం బయటపడిందట. బ్రేకు తొక్కినప్పుడు గాలిని చక్రాల దాకా పంపే వాల్వు ఒకటుంటుంది. అది ఒక్కోసారి బిగుసుకుపోతోందట. మళ్లీ తొక్కితే మామూలుగానే పనిచేస్తుంది, అందుకే ఎవరికీ పట్టుబడలేదు. కంపెనీయే ఆ బండ్లన్నిటినీ వెనక్కి పిలిచి ఉచితంగా కొత్త వాల్వు వేసిస్తోంది. "అప్పటి వరకు బరువుతో దిగుడు రోడ్ల మీద నడపకండి సర్" అని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది.

"బండి అమ్మేసిన, గిది ఖమర్ నంబరు బిడ్డా, రాసుకో" అంటే అయిపోయేది. ఆ ఒక్క మాట చాలు. మారయ్య, "సరే బిడ్డా, తెస్త" అన్నాడు.

ఎందుకన్నాడో ఆ క్షణం అతనికీ తెలియదు. తర్వాత మంచం మీద కూర్చుని తెలుసుకున్నాడు. లోపం పేరెత్తితే నోటిదోషం తగులుతుంది, చక్కగా తిరుగుతున్న బండి అదే వారం ఎక్కడో పడుతుంది. తండ్రికి జరిగింది ఇదే కదా. ఎద్దుకూ లారీకీ తేడా తెలియనంత అమాయకుడు కాదు. కానీ భయానికి తెలివితో పనేముంది. ఆ భయం కింద ఇంకొకటి ఉంది, అది అసలుది. "కాకా, తెలిసే అమ్మినవా" అని ఖమర్ ఒక్కసారి అంటే? అనకపోయినా, అనుకుంటే? ఆ అనుకోవడాన్ని ఆ పిల్లవాడి కళ్లలో చూడలేడు. పెద్ద నియమం చాటున చిన్న పిరికితనం హాయిగా దాక్కుంది.

"ఎవరు ఫోను?" అంది అన్నం తెచ్చిన యాదమ్మ.

"కంపెనోల్లు."

"ఏమంటరు?"

"ఏమనరు."

అయినా అతను చెప్పకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు. చెప్పాలనే అనుకున్నాడు. ప్రతి ఉదయం అనుకున్నాడు. మంచి పని చెయ్యాలని రోజూ అనుకునేవాడికి, చేసేసినంత తృప్తి ఎక్కడి నుంచో వస్తుంది. అందులో ఉన్న ప్రమాదం అదే.

రంజాన్ నెలలో ఒకరోజు ఖమర్ రోజా విడిచే వేళకు రమ్మని పిలిచాడు. ఈ రోజు చెప్పేస్తాను అని బైకెక్కాడు మారయ్య. కొల్లాపూర్‌లో ఖమర్ ఇంటి ముందు చాప పరిచి ఉంది. ఖమర్ భార్య ఉమేరా ఖర్జూరాలు, పండ్ల ముక్కలు పెట్టింది. ఖమర్ ఒక ఖర్జూరం తీసి మొదట మారయ్య చేతిలో పెట్టాడు.

"నీ చెయ్యి మంచిది కాకా. నీ బండి తీసుకున్న కాడికెల్లి ఏ ఫికర్ లేదు. గీసారి కాయ మస్తుగున్నది. సీజను మొత్తం నాకే ఇస్తనన్నడు సేటు" అన్నాడు.

మారయ్య నోట్లో ఖర్జూరం ఉంది. అది మింగి చెబుదామనుకున్నాడు. మింగాడు. "పైలంగ నడుపు బిడ్డా" అన్నాడు. అంతే వచ్చింది. లారీ ముచ్చట ఎత్తని కాకా ఆ మాటైనా అన్నందుకు ఖమర్ సంబరపడ్డాడు.

కాయ కోతకొచ్చింది. లారీలు వరసగా తిరిగాయి. ఒక మధ్యాహ్నం తోటలో కాయలు నింపుకుని ఖమర్ బయల్దేరాడు. పెట్టెలు సర్దే కూలి ఈదమ్మ క్యాబిన్‌లో ఎక్కింది. ఆమెది మారయ్య ఊరే. వాగు దిగుడులో అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. లారీ ఆగలేదు. మందనూ కాపరినీ తప్పించబోయి ఖమర్ స్టీరింగు పక్కకు కోశాడు. బండి బండరాళ్లకు గుద్దుకుని ఒరిగిపోయింది. ఈదమ్మ కాలు నుజ్జయింది. ఖమర్‌కు దెబ్బలే తగల్లేదు. దెబ్బలు తగలకపోవడం కూడా అతని నేరాల్లో ఒకటైంది.

కబురు తెలిసిన మారయ్య తోటలోనే కూలబడ్డాడు. ఏడవలేదు. 

లారీ అతని పేరు మీద ఉంది కాబట్టి పోలీసులు అతన్నీ పిలిచారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి స్టేషన్ ఆవరణలో బండి బ్రేకు తొక్కి చూశాడు. బ్రేకు చక్కగా పట్టింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ పట్టింది. ఆ మాటే రాసుకుని పోయాడు. ఆయన చేసిన తప్పేమీ లేదు. ఆ వాల్వు గుణం చెప్పాల్సినవాడు రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బండి నువ్వు అమ్మినప్పుడు కండిషన్ ఎట్లుండె?" అని ఎస్సై అడిగాడు.

"మంచిగనే ఉండె సారు."

"మరి వీడు నిద్రపోయినట్టేగా?"

మారయ్య మాట్లాడలేదు. అప్పుడు చెబితే, ముందే ఎందుకు చెప్పలేదంటారు. ఈదమ్మ కాలు తన మెడకు చుట్టుకుంటుంది. ఇంతకుముందు అడ్డుపడింది తండ్రి నియమమూ సిగ్గూ. ఈసారి ఉత్త భయం. అది అతనికే తెలిసిపోయింది. దానికి ఏ ఆచారం ముసుగూ కప్పలేకపోయాడు.

ఖమర్ మీద కేసు పడింది. లైసెన్సు పోయింది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. అతనికి తన కాలి మీద నమ్మకం పోయింది.

"తొక్కిన కాకా. తొక్కిననే అనుకుంటున్న" అన్నాడు ఒకసారి. "బ్రేకు మంచిగున్నదని సారు రాసిండు గదా. మరి నేను తొక్కలేదేమో. మూడు దినాల సంది నిద్ర లేకుండె, కన్ను అంటుకున్నదేమో. యాదికి లేదు."

మారయ్య తలూపాడు. ఆ తలూపడం నిద్రలో కూడా గుర్తొచ్చి లేపేది.

ఖమర్ ఆ తర్వాత స్కూటీ కూడా ముట్టుకోలేదు. బావమరిది పంక్చర్ దుకాణంలో టైర్లకు గాలి కొడుతూ, ఎక్కడికి పోవాలన్నా నడిచే పోయేవాడు. ఈదమ్మ కర్ర పట్టుకుని ఇంటి అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లందరికీ వినిపించేలా అతన్ని శాపనార్థాలు పెట్టేది. "నిద్రమొకపోడు నా కాలు తీసిండు" అనేది. ఆ వాకిలి ముందు నుంచే మారయ్య రోజూ తోటకు పోవాలి. తిట్టు ఎవరి పేరునో, తగులుతున్నది ఎవరికో అతనొక్కడికే తెలుసు. దారి మార్చి, బైకు పోని పొలాల గట్ల మీదుగా నడవడం మొదలుపెట్టాడు. మోకాళ్లు మొరాయించి మళ్లీ ఆ దారికే వచ్చాడు.

అతనిలో ఏదో పుచ్చిపోతోందని యాదమ్మ కనిపెట్టింది. అన్నం ముందు కూర్చుని కలిపి, కలిపినదాన్నే కలుపుతుంటాడు. అడిగితే కసురుకుంటాడు. "అల్లుడొస్తే ఇట్లనే ఉంటవా" అని ఆమె దెప్పింది. అల్లుడొచ్చాడు, పోయాడు. ఇట్లాగే ఉన్నాడు.

వానలు పడ్డాక మళ్లీ ఫోను. అదే గొంతు, అదే పుస్తకపు భాష.

"సర్, మీరు తెస్తానన్నారు. మీ వాహనం ఇంకా రాలేదు. దయచేసి నిర్లక్ష్యం చేయకండి. మీ ప్రాణం, ఇతరుల ప్రాణం."

ఏ ఊళ్లో ఉందో, ముఖమెరగని పిల్ల.  మారయ్య ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఏడ్చాడు. "సర్, సర్" అని ఆమె కంగారుపడింది. కంపెనీ పనిలో లేని మాట కూడా అడిగింది: "ఎవరికైనా ఏమైనా అయిందా సర్?"

"అయింది బిడ్డా" అన్నాడు. మొదటిసారి నిజం చెప్పాడు, అదీ ముక్కూ మొహం తెలియని మనిషికి. బండిలోంచి ఆ వాల్వు విప్పి పరీక్ష చేస్తే లోపం తేలుతుందని, పోలీసులు అడిగితే కంపెనీ నుంచి మనిషి వస్తాడని ఆమె చెప్పింది. అప్పుడే తేలింది మారయ్యకు. తను నోరు విప్పితే ఖమర్ బయటపడతాడు. విప్పకపోతే ఖమర్ జీవితాంతం తన కాలినే అనుమానిస్తూ బతుకుతాడు.

రెండు రోజులకు బైకు మీద కొల్లాపూర్ పోయాడు. యాదమ్మకు చెప్పలేదు. చెబితే ఆమె వద్దంటుందన్న భయం కాదు, "ఇన్ని దినాలా?" అంటుందన్న భయం.

ఖమర్ ఇంట్లోనే ఉన్నాడు. మారయ్య నిలబడే మొదలుపెట్టాడు. కంపెనీ ఫోను, వాల్వు, బిగుసుకుపోవడం, మళ్లీ తొక్కితే పనిచేయడం, అన్నీ చెప్పాడు. వింటూ వింటూ ఖమర్ తన కుడికాలు వంక చూసుకున్నాడు. నేల మీద దాన్ని ఒకసారి గట్టిగా అదిమాడు.

"అంటే నేను తొక్కిన" అన్నాడు.

"తొక్కినవ్ బిడ్డా."

"నిద్రపోలే."

"పోలే."

ఖమర్ ఆ పెద్దమనిషి రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చాడు. "దేవునోలె వచ్చినవ్ కాకా. నా పానం నాకు తెచ్చిచ్చినవ్" అన్నాడు. తిట్లకు సిద్ధపడి వచ్చిన మారయ్య దండం తట్టుకోలేకపోయాడు. ఆ చేతులు వెనక్కి లాక్కోవాలనుకున్నాడు, ఖమర్ వదల్లేదు.

ఉమేరా గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆమె ఏడవలేదు. ఆమె లెక్క వేరే.

"కంపెనోల్లు ఎప్పుడు చెప్పిర్రు కాకా?" అని అడిగింది.

మొన్న. ఆ మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. అబద్ధం కూడా కాదు. నిజంగానే మొన్న ఫోను వచ్చింది. ఆ ఒక్క మాటంటే ఖమర్ చేతులు అట్లాగే ఉంటాయి, దేవుడి లాంటి కాకాగా ఇంటికి పోవచ్చు. మారయ్య ఉమేరాను చూశాడు, ఖమర్‌ను చూశాడు.

"మొన్న మళ్ల చెప్పిర్రు" అన్నాడు. "మొదలు చెప్పింది, మామిడి పూతప్పుడు."

ఖమర్‌కు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చేతులు విదిలించుకోలేదు. మెల్లగా వదిలేశాడు.

"పూతప్పుడా" అన్నాడు.

"నీకు చెప్పాలనుకున్న. మా నాయిన చెప్పేటోడు, అమ్మినదాని ముచ్చట ఎత్తొద్దని, నోటిదోషం తగుల్తదని." చిన్నప్పటి నుంచి కొండంత కనిపించిన ఆ నియమం నోట్లోంచి బయటికొచ్చేసరికి చిల్లపెంకంత అయిపోయింది. అది అతనికే వినిపించింది. అందుకే మిగతాది కూడా చెప్పేశాడు. "గది ఒక్కటే గాదు. తెలిసే అమ్మినననుకుంటవని భయపడ్డ. స్టేషన్ల మాత్రం, నన్ను పట్టుకుంటరని ఊకున్న."

"నాలుగు నెలల సంది ఈయన నిద్రల గోడను తొక్కుతాండు కాకా" అంది ఉమేరా. "కాలితోటి. తొక్కి తొక్కి లేస్తాండు." 

ఖమర్ లేచి చెప్పులు వేసుకున్నాడు. "నడువు. ముందుగాల ఈదమ్మకు చెప్పాలె. నేను చెప్తే నమ్మది."

మారయ్య బైకు నడిపాడు, ఖమర్ వెనక కూర్చున్నాడు.  ఈదమ్మ అరుగు మీదే ఉంది. ఖమర్‌ను చూడగానే నోరు తెరిచింది. మారయ్య అడ్డం పోయి, ఇద్దరి ముందూ నిలబడి, ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డు తగల్లేదు. అంతా విని, మారయ్య వైపు కాకుండా ఖమర్ వైపు తిరిగింది.

"కొడుకా, ఉత్త పున్నానికి తిట్టిన నిన్ను. నీ పిల్లలను గూడ తిట్టిన. మనసుల పెట్టుకోకు" అంది.

"నీ నొప్పి తిట్టింది అవ్వా" అన్నాడు ఖమర్.

వాళ్లిద్దరిలో ఎవరూ ఎవరికీ క్షమాపణ బాకీ లేరు. అయినా ఆమె అడిగింది, అతను ఇచ్చాడు. అది అడగాల్సినవాడు పక్కనే ఉన్నాడు. అతను, "నన్ను మన్నించు ఈదమ్మా" అన్నాడు.  ఆమె కర్ర ఊతంతో లేచి, ఒంటికాలి మీద కుంటుకుంటూ లోపలికి పోయి, ఇంటికొచ్చినవాళ్లకు ఇవ్వాల్సిన చెంబెడు నీళ్లు తెచ్చింది. ఇద్దరికీ ఇచ్చింది. మారయ్య ఆ నీళ్లు తాగాడు. తాగక తప్పలేదు.

"ఇగ స్టేషన్‌కు" అన్నాడు ఖమర్.

మారయ్య బైకు తాళం తీశాడు. ఖమర్ చెయ్యి చాచాడు. "ఇటియ్యి. నేను నడుపుత."

అతను బండెక్కి కుడికాలితో బ్రేకు ఒకసారి తొక్కి చూసుకున్నాడు. తర్వాత స్టార్ట్ చేశాడు. ఊరు దాటి ఆ వాగు దిగుడు దగ్గర వేగం తగ్గించి, తడబడకుండా దింపాడు, సరిగ్గా తనకు నేర్పినట్టే. నేర్పినవాడు వెనక కూర్చున్నాడు. ఎన్నో ఏళ్లు లారీ క్యాబిన్‌లో ఆ భుజం మీద చెయ్యి వేసి కూర్చోవడం అతనికి అలవాటు. చెయ్యి అలవాటు చొప్పున లేచింది, గాలిలోనే ఆగింది. మారయ్య దాన్ని దించి, సీటు వెనక కమ్మీ పట్టుకున్నాడు.